దొర సమాధి దగ్గర గండి

మా లారీలు వినుకొండ దాటేసరికి వాన అడ్డంగా కొడుతోంది. తుపాను సహాయానికి మా దళాన్ని పంపారు. సర్వీసంతా సరిహద్దుల్లో చేసిన నేను డ్యూటీ మీద సొంత గడ్డకు రావడం అదొక్కసారే. మీరంతా మంచు గురించి, తుపాకుల గురించి అడుగుతారు. నాకు గుర్తుండిపోయింది ఆ నల్లరేగడి బురద. బూటు దిగితే పైకి రాదు. పలుగులు, పారలు, పేలుడు మందు పెట్టె, రెండు రబ్బరు పడవలు మోసుకుంటూ వాగు కుడి గట్టు ఎక్కాం.

ఎడమ గట్టు వెనక ఊరు. ఆ గట్టు అప్పటికే నీళ్లు కారుతోంది. ఊరి రోడ్డు తెగిపోయింది. జనమంతా లోపలే ఉండిపోయారు. మా గట్టు కింద మిర్చి చేలు, వాటి తర్వాత మురుగు కాలవ.

రేడియోలో కంట్రోల్ అడిగింది: "ఊరి గట్టు ఎంతసేపు ఆగుతుంది?"

"చీకటి పడేదాకా ఆగదు సార్," అన్నాడు ఆపరేటర్.

"కుడి గట్టుకు గండి కొట్టండి. ఓవర్."

నీళ్లు తిన్నగా కాలవలో పడే చోటు ఒక్కటే ఉంది. అక్కడే సున్నం కొట్టిన సమాధి, దాని పక్కన తడుస్తూ ఒక ముసలాయన. మస్తాన్ తాత. మా కెప్టెన్ రాతి మీది ఇంగ్లీషు చదివి, ఎవరో లార్డు కొడుకు, తెల్లవాళ్ల కాలంలో ఇక్కడ కలెక్టరు అన్నాడు. దళంలో తెలుగు వచ్చినవాణ్ని నేనే కాబట్టి తాతను పక్కకు పంపే పని నామీద పడింది. నాకు ఒళ్లు మండింది. మనల్ని ఏలినవాడి రాయికి ఇంకా సున్నం కొడుతున్నారా అన్నాను.

తాత కోప్పడలేదు. "మూడో కొడుకంట బాబూ. ఆస్తి పెద్దోడికి పోద్దని ఇటు పంపారంట. గుర్రం దిగకుండానే శిస్తు అడిగేవోడు. కరువులో మా ముత్తాత ఎద్దుల్ని వేలం వేయించింది ఈయనే."

ఆ తర్వాత ఇలాంటి వరదే వచ్చిందట. కింద జమీందారు పొలాలున్నాయి, గట్టు ముట్టుకోవద్దని మద్రాసు నుంచి ఉత్తర్వు. దొర గుర్రం దిగి, పలుగు తీసుకుని మొదటి దెబ్బ తనే వేశాడట. ఊరు బతికింది. మద్రాసులో ఆయనకు రావాల్సిన పెద్ద పదవి మాత్రం రాలేదు. కలెక్టరుగానే ముసలివాడై, క్యాంపులో జ్వరంతో పోతూ, తను గండి కొట్టిన ఈ చోటనే పూడ్చమన్నాడట.

"రాయి జరిపే టైముందా?" అని అడిగాడు తాత.

లేదన్నాను.

కాసేపు ఊరి వైపు చూశాడు. "అయితే కొట్టండి. ఆయనున్నా కొట్టేవోడే."

"కింద చేను ఎవరిది తాతా?"

"నాదే."

కెప్టెన్‌కు హిందీలో చెప్తే, ఆయన తల దించుకున్నాడు. మందు అమర్చాం. పేలగానే వాగు కుడికి తిరిగింది. ఊరి గట్టు నిలబడింది.

నీళ్లు తగ్గేదాకా ఉండి వెనక్కి వెళ్లిపోయాం. తర్వాత కొన్నేళ్లకు రిటైరై ఇంటికొచ్చాను. శిస్తు దొరల మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. కానీ కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆ గట్టే కనిపిస్తుంది. కింద పూతా పిందెతో ఉన్న మిర్చి మునుగుతోంది. మస్తాన్ తాత అటు చూడడం లేదు. రాయి కొట్టుకుపోయిన చోటికి ఎదురుగా నిలబడి, భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు.