ఐకాడ్‌లో నేలతంగేడు

ఐకాడ్ అనే గల్ఫ్ ఫ్యాక్టరీల పేటలో ఎండకు మధ్యాహ్నమయ్యేసరికి మనుషుల నీడలు కూడా భయపడి చెప్పుల కింద దూరుతాయి. అలాంటి చోట, లేబర్ క్యాంపు గోడ వెనక కంకరలో, రెండువేల ఇరవై ఒకటి వేసవిలో ఒక మొక్క లేచింది. జానెడు ఎత్తు, పసుపుపచ్చని పూలు రెండు.

మొదట చూసింది జగిత్యాల వైపు వెల్డర్ పోచన్న. "తంగేడు!" అని అతను వేసిన కేకకు సముద్రంలో ఓడలు ఆగిపోయాయంటారు.

"తంగేడు కాదన్నా, నేలతంగేడు, గింతకంటె ఎదుగది," అన్నాడు పక్క మంచం భూమేశ్. "లేకుంటే తంగేడే, క్యాంపు తిండికి ఎదుగలేదేమో."

పోచన్న వినలేదు. తల్లి లేని అతన్ని పెంచింది అక్క ఐలవ్వ. భర్త పోయాక ఆమె తమ్ముడింట్లోనే ఉండేది. బతుకమ్మకు గుట్టమీంచి తంగేడు తేవడం అతని పని, పేర్చడం ఆమె పని. గల్ఫ్‌కు వచ్చాక అతని పని ఆగిపోయింది. ఏప్రిల్‌లో ఐలవ్వ ఫోన్‌లో దగ్గుతూ అడిగింది.

"ఈయేడన్న తంగేడు తెస్తవార?"

"తెస్తనే అక్కా."

అప్పుడు కరోనా వల్ల, ఊరికి పోతే తిరిగి రావడానికి విమానాలు లేవు. తేలేకపోతే వీడియోలోనైనా పూలు చూపించాలనుకున్నాడు. ఆ మొక్క కోసం పోచన్న స్నానం నీళ్లు మిగిల్చాడని, ఆ వాసనకు ఈగలు క్యాంపు ఖాళీ చేశాయని భూమేశ్ అందరికీ చెప్పేవాడు.

ఎప్పుడు ఫోన్ చేసి అక్కను అడిగినా భార్య లావణ్యది ఒకటే మాట. "వదినె పండుకున్నది. జరానికి గొంతు పోయింది, మాట్లాడలేదు."

సద్దుల బతుకమ్మ నాటికి మొక్క నిండా పూలు. పోచన్న ఫోన్‌ను వాటికి ఎదురుగా పట్టుకున్నాడు. అవతల కూతురు ఎత్తింది.

"బిడ్డా, అత్తను లేపు. బతుకమ్మ పేర్చిన్రా?"

"మనకు ఈయేడు బతుకమ్మ లేదు బాపూ. అమ్మ పేర్చద్దన్నది."

చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు బతుకమ్మ పేర్చరు. పోచన్న చెయ్యి దిగిపోయింది. ఫోన్‌లో కంకర మాత్రమే కనిపిస్తోంది.

లావణ్య ఫోన్ లాక్కుంది. "మే నెలల్నే పోయింది. నువ్వా రాలేకపోతివి. చెప్పి నిన్ను అక్కడ ఒక్కణ్ని ఏడిపియ్యాల్నా?"

ఫోన్ పెట్టేశాక భూమేశ్ మొక్క దగ్గర కూర్చుని ఒక రెమ్మను వేళ్లతో తిప్పి చూశాడు.

"అన్నా, నేనే తప్పుజెప్పిన. ఇది తంగేడే."

"కాదురా," అన్నాడు పోచన్న. "నేలతంగేడే."

మర్నాటి నుంచి నీళ్లు పొయ్యలేదు. అయినా అది చావలేదు, మరుసటి ఏడూ పూసింది. పోచన్న మాత్రం ఆ గోడ వెనక్కి పోలేదు.