నలభై నిమిషాల స్టాండ్‌బై

నారాయణఖేడ్‌లో ఒక పెళ్లిని పెళ్లికొడుకు లేకుండానే జరిపించబోయిన ఘనుడు ఒకడున్నాడు. మీరు వెతకక్కర్లేదు, అది నేనే. పోనీ పెళ్లి బయటివాళ్లదా అంటే, కాదు. సొంత అక్కది.

అప్పట్లో నేను విమానాలను దింపే కంట్రోలర్ ఉద్యోగానికి చదువుతున్నాను. చదువు సంగతి దేవుడెరుగు, పైలట్లతో మాట్లాడే మాటలు మాత్రం నోటికొచ్చేశాయి. అమ్మ పాలు తెమ్మంటే "రోజర్" అనేవాణ్ణి. పాలు రాలేదని తిడితే పాఠం చెప్పేవాణ్ణి.

"రోజర్ అంటే ఇన్న అన్నట్టే అమ్మా! తెస్త అనాలంటే విల్కో అంటరు."

చీపురు దెబ్బకు మాత్రం రేడియో భాషలో మాట లేదు.

అలాంటివాడికి పెళ్లిలో టెంట్‌హౌస్ వాళ్ల వాకీటాకీలు రెండు దొరికాయి. ఇక ఆగుతానా? ఒకటి మల్లేశన్నకిచ్చాను. ఆయన మా చిన్నమ్మ కొడుకు, మనూర్ దారిలో షేరింగ్ ఆటో నడుపుతాడు. ఆ రోజు కంగ్టి నుంచి పెళ్లికొడుకును కారులో తెచ్చే పని ఆయనదే.

"అన్నా, నేను స్టాండ్‌బై అంటే 'ఆగు, నేనే పిలుస్త' అని. నడుమ నువ్వు పిలువొద్దు, కదలొద్దు."

"గంతేనా తమ్మీ?"

"కార్ల ఎవ్వల ఫోనయినా ఫ్లైట్ మోడ్‌ల పెట్టియ్యి."

"గదెందుకు?"

"విమానంల గట్లనే ఉంటది."

ముహూర్తం పదకొండూ ఇరవైకి. పదిన్నరకు పెళ్లివారి బస్సు వచ్చింది. ఆ వెనకే వాకీటాకీలో మల్లేశన్న గొంతు: "మలుపు కాడ ఉన్నం తమ్మీ, రావాల్నా?" సరిగ్గా అప్పుడే ఫంక్షన్ హాలు సందులో నీళ్ల ట్యాంకరు అడ్డం తిరుగుతోంది. "స్టాండ్‌బై!" అన్నాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది.

ట్యాంకరు పోయింది. అంతలో అమ్మ, "దండలు తెచ్చినోడు వంటల కాడ ఉన్నడు, జల్దీ పో" అంది. వాకీటాకీని బ్యాండువాళ్ల డోలు పక్కన పెట్టి ఉరికాను. దండలు తీసుకున్నాను. ఫోటోలు దిగాను. జిలేబీ తిన్నాను. ఏం జిలేబీ అనుకున్నారు! నాలుగు తిన్నాను.

పదకొండు దాటాక పెళ్లి చేయించే అయ్యగారు అడిగాడు. "పిల్లగాడేడి?"

"మా ఎన్కనే ఉండె" అన్నారు బస్సువాళ్లు. కారులో ఉన్న ఎవరికి ఫోన్ చేసినా కలవదు. హాలంతా గుసగుసలు. గౌరీపూజలో ఉన్న అక్క కళ్లు నిండిపోయాయి. బాపు కుర్చీలో కూలబడ్డాడు. నాకు మాత్రం పౌరుషం పొంగుకొచ్చింది.

"మోసం చేసిండు బాపూ! వాని మొఖం చూసిన్నాడే అనుకున్న!" అని అరిచి, కంగ్టి దాకా పోయైనా పట్టుకొద్దామని బాపు బండి తీశాను.

మలుపులో వేపచెట్టు కింద కారు. మల్లేశన్న వాకీటాకీని రెండు చేతులా పట్టుకుని, పరీక్ష హాలులో పిల్లాడిలా కూర్చున్నాడు. వెనక సీట్లో బావ తలపాగాతో విసురుకుంటున్నాడు.

"ఏందన్నా, గిక్కడ గూసున్నరు!"

"నువ్వే గదా స్టాండ్‌బై అన్నవు."

"నలభై నిమిషాలాయె!"

"నిమిషాలు చెప్పలే నువ్వు. పిలిచెదాక కదలొద్దన్నవు."

ప్రయాణికుడి రెండో కాలు లోపల పడకముందే ఆటో ఉరికించే మనిషి! జన్మలో మొదటిసారి ఒకరి మాట విన్నాడు. ఆ ఒకరు నేనే కావాలా, చెప్పండి?

"సరే, ఇగ నడువుండి!"

"గట్ల కాదు. రేడియోల చెప్పు."

"నీ కాళ్లు మొక్కుత అన్నా, రేడియో డోలు కాడనే మర్చిన!"

బావ ముందుకు వంగాడు. "మల్లేశన్నా, నువ్వు నడుపుతవా, నేను దిగి ఉరకాల్నా?"

ముహూర్తానికి మూడు నిమిషాలుందనగా బావ మండపం ఎక్కాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. తర్వాత బాపు ఏం చేశాడో రాయను. మరునాడు కూర్చోవడం మాత్రం కష్టమైంది.

ఆ మరునాడే మటన్ దావత్. బావ సరదాపడి తానే బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నాడు. నేను విస్తరి ముందుకు జరిపాను.

"బావా, నాక్గూడ నాలుగు ముక్కలెయ్యి."

బావ ఆగాడు. నన్ను తేరిపార చూశాడు.

"స్టాండ్‌బై" అన్నాడు.

పంక్తంతా పగలబడి నవ్వింది. మళ్లీ అడుగుదామంటే నేను పెట్టిన నియమమే అడ్డొచ్చింది. నడుమ పిలవకూడదు, కదలకూడదు. పక్కనే మల్లేశన్న బొక్క చీకుతూ నేను కదలకుండా కాపలా కాశాడు.

కాబట్టి సమస్త ప్రజలకూ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట పెళ్లింట్లో గానీ వంటింట్లో గానీ ఎవరినైనా ఆపవలసి వస్తే "జర ఆగు, ఇప్పుడే వస్త" అని మాత్రమే అంటాను. అని, నిజంగానే వస్తాను. బాపు బండి మీద ఒట్టు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. బావ ఇంకా పిలవలేదు.