తాళాలాయన దాచిన మాట

మా వీధిలో అతణ్ణి అందరూ తాళాలాయన అనే పిలిచేవారు. నా జిరాక్స్ షాపుకు ఆనుకునే అతని బడ్డీ ఉండేది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. గోడనిండా మేకులు, మేకులనిండా తాళంచెవులు. మనిషి పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఎవరైనా చెవి పోగొట్టుకుని లబోదిబోమంటూ వస్తే, "తాళం మీదే, ఇల్లూ మీదే. కంగారెందుకండీ?" అనేసి పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకునేవాడు.

భూకంపం వచ్చినప్పుడు అతని విలువేమిటో ఊరికి తెలిసింది. కూలిన ఇళ్ళు కూలిపోగా, నిలబడ్డ ఇళ్ళలో చాలావాటికి తలుపులు బిగుసుకుపోయాయి. గోడ ఒరిగితే గుమ్మం వంకరపోతుంది, గుమ్మం వంకరపోతే తలుపు కదలదు. లోపల మనుషులు అరుస్తున్నారు. తాళాలాయన ఉలి, సుత్తి, రంపం పట్టుకుని ఆరు రోజులు ఇల్లిల్లూ తిరిగాడు. అవసరమైన చోట తలుపులకు తలుపులే ఊడబెరికి జనాన్ని బయటికి తెచ్చాడు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. అతని సొంత ఇంటి వెనకగోడ కూలి, భార్య రేకుల కింద వంట చేసుకుంటున్న రోజులవి.

మా ఎదుటి రెండంతస్తుల మేడలో ఎనిమిది వాటాలు. కింది వాటాలో కుట్టక్క ఉండేది. వీధిలో సగం మంది బట్టలు ఆమె మిషను మీద కుట్టినవే. భర్త ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి, ఆయాసంతో ఇంటిపట్టున ఉండిపోయాడు. తాళాలాయన ఆ మేడకు పరుగెత్తుకెళ్ళేసరికి కుట్టక్క తలుపు బార్లా తీసి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మా తలుపుతో నీకు పనిలేదు తమ్ముడూ, చేత్తో తోస్తే వచ్చేసింది. పక్క వీధిలోకి పరుగెత్తు!" అంది.

రెండు నెలలు గడిచేసరికి ఊళ్ళోకి సహాయ సంస్థలు దిగాయి. వాళ్ళ ఉద్యోగులకు గదులు కావాలి, అద్దె ఎంతైనా ఇస్తామంటున్నారు. అప్పటిదాకా పెచ్చులూడిన గోడల గురించి పట్టించుకోని మేడ ఓనరుకు ఒక్కసారిగా అద్దెకున్నవాళ్ళ ప్రాణాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎవరో ఇంజనీరును తీసుకొచ్చాడు. ఆయన మేడ చుట్టూ ఒకసారి తిరిగి, ముందు గోడమీద ఎర్ర రంగుతో అడ్డగీత కొట్టించి వెళ్ళిపోయాడు. మేడ ప్రమాదకరంగా ఉంది, మరమ్మతులకు మూడు నెలలు ఖాళీ చేయండి, తర్వాత ఎవరి వాటాలోకి వాళ్ళు రావచ్చు అన్నాడు ఓనరు. నోటిమాటే, కాగితం లేదు.

తాళాలు మార్చే పని మా తాళాలాయనకే అప్పజెప్పాడు. తనకున్న మిగతా మేడల పని కూడా ఇస్తానన్నాడు. తాళాలాయన వెళ్ళి ఎనిమిది తలుపులూ చూసి కొలతలు తీసుకొచ్చాడు.

కుట్టక్క బడ్డీ దగ్గరికొచ్చి అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"ఊళ్ళో తలుపులన్నీ చూసినవాడివి. నువ్వు చెప్పు తమ్ముడూ. మా మేడ నిజంగా పడిపోయేలా ఉందా?"

తాళాలాయన చేతిలో తాళంచెవిని అరగదీస్తున్నవాడు తలెత్తలేదు. "ఇంజనీరు చెప్పాక మనమెంతక్కా. మూడు నెలలేగా" అన్నాడు.

ఆమెకు ఆ మాట చాలు. ఆ ఆరు రోజుల తర్వాత అతను చెబితే మా వీధిలో ఎవరికైనా చాలు.

ఖాళీ చేసే రోజున కుట్టక్క ఆఖరి నిమిషంలో చీపురు తీసుకుని గదులన్నీ ఊడ్చింది. "పనివాళ్ళు వచ్చి, ఛీ, ఎవరుండేవారో ఇక్కడ అనుకోకూడదు కదా" అంది. తర్వాత తాళాలాయన కొత్త తాళం బిగించాడు. ఆమె భర్తను రిక్షాలో కూర్చోబెట్టి, ఒళ్ళో మిషను పెట్టి, ఆటల మైదానంలో వేసిన గుడారాలకు తీసుకుపోయింది.

మరమ్మతంటే ఏమిటో నేను నా కౌంటరు వెనకనుంచి రోజూ చూశాను. సున్నం గీకారు, రంగులేశారు, కిటికీలకు కొత్త అద్దాలు పెట్టారు. ఒక్క ఇటుక కదపలేదు. మూడు వారాల్లో ఎర్ర గీత మాయమైంది, ఎనిమిది వాటాల్లోకీ కొత్తవాళ్ళు దిగారు. కుట్టక్క పరుగున వస్తే ఓనరు గేటు దగ్గరే ఆపి, "పాత అద్దెకు అయితే ఇక కుదరదమ్మా" అన్నాడు. కొత్త అద్దె పాతదానికి నాలుగింతలు.

అప్పటినుంచి ఆమె అర్జీలు జిరాక్స్ తీయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేది. గుడారంలో నేల చెమ్మగా ఉంటోందనీ, భర్త పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నాడనీ చెప్పేది. చివరికి వార్డు ఆఫీసులో విచారణకు పిలిచారు. ఆ వాటాలో తను పదిహేనేళ్ళుగా ఉందని చెప్పడానికి సాక్షి కావాలి. తాళాలాయనను రమ్మంది.

అతను రెండు రోజులు బడ్డీ తెరవలేదు. వెళ్ళనా మాననా అని భార్యముందు నసిగితే ఆవిడ, "నోరు మూసుకుంటే మన గోడేమన్నా లేచిందా? ఇప్పుడైనా తెరవండి" అందట.

వార్డు ఆఫీసులో నేనూ ఉన్నాను. ఆమె అక్కడే ఉండేదని చెప్పి ఊరుకుంటే అతని పని అయిపోయేది. కానీ అతను చేతులు కట్టుకుని, "ఇంకో సంగతుందండీ. ఆ మేడకు ఏమీ కాలేదు" అన్నాడు.

అధికారి కళ్ళజోడు తీశాడు. "నువ్వు ఇంజనీరువా?"

"కాదండీ. తాళాలు చేస్తాను. గోడ వెంట్రుకవాసి కదిలినా గడియ గుంటలో పడదండీ. కొలతలకు వెళ్ళిన రోజే ఆ ఎనిమిది తలుపులకూ నా చేత్తో గడియ వేసి చూశాను. అన్నీ సాఫీగా పడ్డాయి."

"పని ఇవ్వడం మానేశానని కక్షండీ" అన్నాడు ఓనరు నవ్వుతూ. అది అబద్ధం. పని అప్పటికీ ఇస్తూనే ఉన్నాడు.

అధికారి ఓనరు వంక చూడలేదు. "సరే, నీకు ఆ రోజే తెలుసుగా. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

కుట్టక్క తాళాలాయన వంకే చూస్తోంది. అతనికి ముందే తెలుసన్న సంగతి ఆమె వినడం అదే మొదటిసారి.

కొత్తవాళ్ళకు ఏడాది ఒప్పందం ఉందనీ, అది ముగిశాక చూద్దామనీ రాసి ఫైలు మూసేశారు. బయట మెట్లమీద కుట్టక్క కూర్చుండిపోయింది. తాళాలాయన నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆమె, "మా ఆయనకి చెప్పకు తమ్ముడూ. నువ్వంటే ఆయనకి బాగా గురి" అంది.

ఆయన రెండు వారాలు కూడా బతకలేదు. వరసగా మూడు రోజులు వాన పడింది. నాలుగో రోజు పొద్దున్నే ఆమె పాలు కాచి తెచ్చేసరికి, తలగడకు ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నాడు. పాడె మోసిన నలుగురిలో తాళాలాయన ఒకడు. శ్మశానం దాకా భుజం మారుస్తామని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు.

ఆ తర్వాత అతను ఏ ఓనరు పిలిచినా పోలేదు. సూట్‌కేసుల తాళాలు, బీరువా చెవులు, గొడుగు పుల్లలు, వాటితోనే సరిపెట్టుకున్నాడు. వెనకగోడ స్థానంలో ఇప్పటికీ రేకులే.

ఏడాది ఒప్పందం ముగిసింది, ఇంకో ఏడాదికి రాసుకున్నారు. కుట్టక్కకు ఊరికి రెండు గంటల దూరంలో, బస్సు దిగి మళ్ళీ నడవాల్సిన చోట, సర్కారు కట్టించిన ఒంటిగది ఇల్లు వచ్చింది. అక్కడందరూ తనలాంటివాళ్ళే. కొత్తబట్టలు కుట్టించుకునేవాళ్ళు లేరు, చిరిగినవి అతుకు వేయించుకునేవాళ్ళే. సెలవురోజు వస్తే తాళాలాయన అక్కడికి వెళ్ళి, మిషనుకు నూనె పెట్టి, కుళాయి బిగించి, ఏదో ఒకటి బాగుచేసి వస్తాడు. ఆమె టీ ఇస్తుంది. నా షాపు గురించి, వీధి గురించి అడుగుతుంది. ఆ మేడ ఊసెత్తదు.

మొన్నొకసారి ఉండబట్టలేక అడిగేశాడట. "ఒక్కసారి తిట్టక్కా. నీ నోటితో తిడితే నాకు కాస్త తేలికవుతుంది."

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "తిడితే నువ్వు రావడం మానేస్తావు. ఇంత దూరం ఇంకెవరొస్తారు తమ్ముడూ నాకోసం?" అందట.

ఆ మాట నాకు చెబుతూ చెబుతూ నా కౌంటరు మీద తల ఆనించి ఏడ్చాడు. నేను జిరాక్స్ మిషను ఆపేసి, షట్టరు సగం దించాను.