నాగరాణి ఒక్కతే నిలబడిన తీర్మానం

నాగరాణితో వాదించి గెలిచినవాళ్లు కల్వకుర్తి చుట్టుపక్కల ఇద్దరే ఉండేవారు. ఒకాయన బస్సు కండక్టరు. గెలిచిన నెలకే బదిలీ పెట్టుకుని వెళ్లిపోయాడు. రెండో మనిషి ఆమె అవ్వ ఈదమ్మ. చర్చివాళ్ల ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్లుగా ఆమెదే వంట. ఈదమ్మ గంజు మీద గరిటెతో కొడితే రోడ్డున పోయే శ్రీశైలం బస్సు కూడా ఆగుతుందని చెప్పుకునేవారు. ఆగగా చూసినవాళ్లు మాత్రం ఇంతవరకు దొరకలేదు.

తల్లి లేని నాగరాణి ఆ హాస్టల్లోనే పెరిగింది. బడి రిజిస్టరులో నాగరాణి, చర్చి రిజిస్టరులో రాహేలు. ఏ పేరుతో పిలిచినా ముందు "ఎందుకు?" అని అడిగాకే పలికేది. ఇంటర్ పాసై మహబూబ్‌నగర్‌లో డిగ్రీలో చేరింది.

2018లో నాగపూర్‌లో వాళ్ల చర్చి సంఘం జాతీయ మహాసభ పెట్టారు. ప్రతి ప్రాంతం నుంచి ఒక విద్యార్థిని ప్రతినిధిగా రావాలని నియమం. ఎవరిని పంపాలో తేల్చే పని ప్రాంత సెక్రటరీ జాషువాది. షాద్‌నగర్‌లో కాపురముంటూ నెలకొకసారి చుట్టంలా వచ్చిపోయే మనిషి కాబట్టి, నాగరాణి నోటి సంగతి ఆయనకు తెలియదు.

"హాస్టల్ అన్నం తిని పెరిగిన పిల్ల. నోరు లేవదు," అని కమిటీకి చెప్పాడు. కమిటీలో కొందరికి నవ్వొచ్చింది. అయినా ఆయనంటే గిట్టనివాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరూ హెచ్చరించలేదు.

రైల్లో నాగరాణి తీర్మానాల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివింది. అంతకుముందు దాన్ని అచ్చు వేసినవాళ్లు కూడా అలా చదివి ఉండరేమో. ఇరవై ఏడో తీర్మానం దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"సార్, గీ ఇరవై ఏడుల మన హాస్టల్ పేరున్నది."

"ఉంటది."

"వాడకం లేని జాగ, అమ్మాలె అని రాసిన్రు. నలభై ఒక్క మంది పిల్లలున్నరు గద. పొద్దున గూడ మా అవ్వ వండి పెట్టింది."

"మీ అవ్వ వండుడు బంద్ చేస్తే వాడకం లేని జాగనే అయితది. ఆడ ఫంక్షన్ హాల్ లేస్తది. ఊరికి పేరొస్తది."

"పిల్లలు ఏడికి పోవాలె?"

"ఇండ్లకు."

"ఇండ్లకు తాళాలున్నయ్ సార్. అమ్మలు, నాయినలు పుణెల మట్టి మోస్తున్నరు."

జాషువా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "చూడు పిల్లా. కూసోమన్నప్పుడు కూసో, తినుమన్నప్పుడు తిను. గంతకే తోలుకొచ్చిన నిన్ను."

మహాసభలో ఎనిమిది వందల మంది. మొదటిరోజు భోజనాల వరుసలోనే ఒక పట్నపు ప్రతినిధి నాగరాణి మెడలోని కార్డు చూసి మూతి విరిచింది. "నాగరాణా? చర్చికి పాము పేరుతో వచ్చినవా?"

"పాము అనుకుంటే జర పక్కకు జరుగున్రి ఆంటీ. అన్నం పెట్టుకుంట."

ఆ తర్వాత మూడు రోజులూ ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. నాగరాణి కూడా ఎవరినీ కూర్చోమనలేదు.

సభలో మాట్లాడాలంటే చీటీ రాసి ఇవ్వాలి. ఆ చీటీ తమ ప్రాంత నాయకుడి చేతుల మీదుగా పైకి వెళ్లాలి. ఆమె నాయకుడు జాషువా. మొదటి చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. రెండోదాన్ని ఊగుతున్న కుర్చీ కాలు కింద పెట్టి, దాని మీదే కూర్చున్నాడు. మూడోది ఆమె రాయలేదు.

అధ్యక్షుడికి ఒక పద్ధతి ఉండేది. "సమ్మతించేవారు కూర్చునే ఉండండి, వ్యతిరేకించేవారు లేచి నిలబడండి," అనేవాడు. కునుకు తీస్తున్నవాళ్లు, ఫోను చూసుకుంటున్నవాళ్లు, అసలేం జరుగుతోందో తెలియనివాళ్లు అందరూ సమ్మతించినట్టే లెక్క. ఆ దెబ్బకు భోజనానికి ముందే ఇరవై ఆరు తీర్మానాలు పట్టాలెక్కిన రైలులా సాగిపోయాయి.

ఇరవై ఏడోది చదివారు. నాగరాణి లేచింది. లెక్కపెట్టే ముసలాయన "ఒకరు," అన్నాడు. ముందు వరుసల్లో నవ్వారు.

"ఆడ పిల్లలున్నరు!" అని అరిచింది. మైకు లేదు. తెలుగు తెలిసినవాళ్లు తల దించుకున్నారు, తెలియనివాళ్లు గడియారం చూసుకున్నారు. కూర్చోమని అధ్యక్షుడు చేయి ఊపాడు. వెనక వరుసలోంచి జాషువా ఆమె చున్నీ పట్టి గుంజాడు.

"కూసో! మన ఇజ్జత్ తీస్తున్నవ్."

"అమ్మకానికి పెట్టినోల్లు మీరు సార్. నేను గాదు."

ఇంకో నిమిషంలో అధ్యక్షుడు బల్ల మీద కొడితే తీర్మానం నెగ్గినట్టే, హాస్టల్లో అవ్వ గంజు బోర్లించినట్టే. అప్పుడు నాగరాణి కళ్లు మూసుకుని, చేతులు జోడించి, గొంతు చించుకుని "పరలోకమందున్న మా తండ్రీ" అంటూ ప్రభువు ప్రార్థన మొదలుపెట్టింది.

ఆ సంఘంలో ఆ ప్రార్థన వినబడితే కూర్చుని ఉండడమన్నది లేదు. పాలమూరు పల్లెల్లో అయితే మంచాన పడ్డవాళ్లు కూడా మంచంతో సహా నిలబెట్టమంటారు. తెలుగు వరుసలు ముందు లేచాయి. వెనకాల అరవవాళ్లు, మలయాళీలు, ఒడియావాళ్లు, మిజోలు లేచి ఎవరి భాషలో వాళ్లు అందుకున్నారు. ఎనిమిది వందల కుర్చీలు ఒక్కసారి జరిగిన చప్పుడుకు పైకప్పు మీది పావురాలు లేచి వార్ధా దాకా పోయి వాలాయట. అధ్యక్షుడూ లేచాడు. చివరికి జాషువా కూడా లేచాడు, చున్నీ కొస ఇంకా చేతిలోనే ఉంది.

లెక్కపెట్టే ముసలాయన చాలా నిక్కచ్చి మనిషి. నిలబడినవాళ్లను లెక్కపెట్టమన్నారు, లెక్కపెట్టాడు. ఆమేన్ అనగానే చీటీ అందించాడు. వ్యతిరేకించినవారు: అధ్యక్షుడితో సహా అందరూ.

అధ్యక్షుడి మొహం కందగడ్డయింది. "ఇది ప్రార్థనను అవమానించడం! ఈ లెక్క చెల్లదు. అందరూ కూర్చోండి, మళ్లీ ఓటు!"

అందరూ కూర్చున్నారు, మిజోరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తప్ప. "నేను దేన్ని వ్యతిరేకించానో ముందు నాకు చదివి వినిపించండి," అని ఇంగ్లీషులో అడిగింది. విసుక్కుంటూనే చదివారు. "అక్కడ ఎవరైనా ఉంటున్నారా?" అంది. అధ్యక్షుడు జాషువా వైపు చూశాడు.

"కొంతమంది," అన్నాడు జాషువా.

"నలభై ఒక్క మంది," అంది నాగరాణి, ఈసారి ఇంగ్లీషులోనే. వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఏ పిల్ల తల్లి పుణెలో ఉంది, ఏ పిల్ల తండ్రి ముంబైలో ఉన్నాడు, వరసగా చెప్పుకుపోయింది. పంతొమ్మిదో పేరు దగ్గర అధ్యక్షుడు చాలన్నాడు. మనుషులను పంపి స్వయంగా చూసేదాకా ఆ తీర్మానాన్ని ఆపేశారు.

తిరుగు ప్రయాణంలో జాషువా వేరే పెట్టెలో కూర్చున్నాడు. ఆ ఆదివారం మాత్రం నెలవారీ రాకకు ఆగకుండా వచ్చాడు. ఆరాధన మధ్యలో నాగరాణిని ముందుకు పిలిచి, సంఘానికి క్షమాపణ చెప్పమన్నాడు.

ఆమె వచ్చి నిలబడింది. ఆ వారమంతా ఆమెకు నిద్ర లేదు. మోకరిస్తే ప్రార్థన వచ్చేది కాదు.

"ప్రార్థనను అడ్డం పెట్టుకున్న. అది తప్పే. దేవుని ముందల ఒప్పుకుంటున్న."

"నా ముందల?" అన్నాడు జాషువా.

"మీ ముందల ఒప్పుకునేది ఏం లేదు సార్."

జాషువా పెన్ను తీసి, యూత్ సభ్యుల పట్టీలో ఆమె పేరు మీద రెండు గీతలు గీశాడు. ఇకపై ఆరాధనలో బైబిలు వాక్యం చదవనిచ్చేది లేదని, ఏ సభకూ పంపేది లేదని ప్రకటించాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఈదమ్మ లేచింది.

"నా పేరు గూడ కొట్టెయ్యి సారూ. గాని రేపు పొద్దుగాల గా పిల్లలకు ఎవరు వండుతరో గది గూడ ఆన్నే రాయి."

జాషువా పెన్నుకు మూత పెట్టాడు.

జూన్‌లో మహాసభ పంపిన ఇద్దరు పెద్దమనుషులు వచ్చి గదులు చూశారు, పిల్లలను లెక్కపెట్టారు, ఈదమ్మ చేసిన పచ్చిపులుసు రెండుసార్లు వేయించుకుని వెళ్లారు. హాస్టల్ ఇప్పటికీ నడుస్తోంది. నాగరాణి అక్కడే వార్డెన్. జాషువా వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఎదురుపడతారు, పలకరించుకోరు. పట్టీలో ఆమె పేరు మళ్లీ ఎక్కలేదు. ఎక్కించమని ఆమె అడగనూ లేదు.