మునస్వామి నాయుడు తెరిచిన కప్పు

ఈ వారం మా పక్క వీధిలో పాత పెంకుటిల్లొకటి కూలుస్తున్నారు. పెంకులు నేలమీద పడి పగులుతున్న చప్పుడుకు మధ్యాహ్నం నిద్ర చెడి, కోపంగా లేచి కూర్చున్నాను. ఆ కోపం కూలీల మీద కాదని తెలియడానికి కాసేపు పట్టింది. ఆ చప్పుడు వింటే నాకు మునస్వామి నాయుడు గుర్తొస్తాడు. ఆయన వెంటే ఆయనకు అన్యాయం చేసినవాళ్ళూ గుర్తొస్తారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

తొంభైల మొదట్లో నేను మద్రాసులో ఫైర్‌మన్‌ని. నాయుడు మా లీడింగ్ ఫైర్‌మన్, అంటే మా జట్టు పెద్ద. ఆయనది ఆ ఊళ్ళోనే చూలైలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. పిల్లలు ఇంట్లో అరవమే మాట్లాడుతున్నారని విసుక్కునేవాడు, ఆ విసుక్కోవడం సగం అరవంలోనే. మెచ్చుకోవడం తెలియని మనిషి. ఒకసారి కసరత్తులో, పైపులో నీళ్ళు రాకముందే నేను నిచ్చెనెక్కి పెంకుల మీద చెయ్యి వేశాను. బెల్టు పట్టి కిందికి లాగాడు. "ఏమప్పా, పెళ్ళాం ఉండాదా నీకు? పొగ పైకి పోతాది. ఆడ దారి లేకుంటే కిందికి దిగి మనిషిని చంపుతాది. అందుకే కప్పు తెరిచేది. కానీ ముందు నీళ్ళు రానీ. వెనకాముందు చేస్తివా, నిప్పుకు నువ్వే గాలి ఇచ్చినట్టు." ఆ రోజు పొద్దు వాలేదాకా నన్ను ఎక్కించి దించుతూనే ఉన్నాడు.

ఆ తర్వాతి వేసవిలో, ఒక పగటిపూట, చింతాద్రిపేటలో ఇల్లంటుకుంది. ముందు గదుల్లో ఇంటి ఓనరు దాచిన బట్టల మూటలు. వెనక గదిలో సెల్వి అనే కుట్టుపని చేసే అమ్మాయి, వాళ్ళమ్మ అద్దెకుండేవారు. బయటికి దారి ముందు గదుల్లోంచే. మేము వెళ్ళేసరికి కిటికీల్లోంచి నల్లటి పొగ చిక్కగా వస్తోంది. లోపలికి రెండడుగులు వేస్తే నా చెయ్యి నాకే కనపడలేదు. పైపులో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. నాయుడు గొడ్డలి అందుకోగానే ఓనరు అడ్డం వచ్చాడు. "నిన్నగాక మొన్న వేయించిన కప్పు. పగలగొడితే ఊరుకోను. ఎవరితో మాట్లాడాలో నాకు తెలుసు," అని పక్కింట్లోకి ఫోను చేయడానికి పరుగెత్తాడు. మా ఆఫీసరు అతను పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు.

"సార్, లోపల ఇద్దరు ఆడవాళ్ళు ఉండారు," అన్నాడు నాయుడు.

"కాస్త ఆగు. పైనుంచి మాట రానీ," అన్నాడు ఆఫీసరు అరవంలో.

నాయుడు మళ్ళీ అడిగాడు. ఆఫీసరు మళ్ళీ ఆగమన్నాడు. లోపలినుంచి వినపడుతున్న దగ్గు ఆగిపోయింది. అప్పుడిక నాయుడు ఎవరినీ అడగలేదు. నిచ్చెనెక్కి, కప్పు మీద పాకి, రెండు వాలులూ కలిసే నడికొప్పు దగ్గర పెంకులు పీకి, కింది చెక్క పట్టెలు నరికాడు. పొగ స్తంభంలా పైకి లేచింది. లోపల నేల కనపడింది. నేనూ ఇంకొకతనూ పైపుతో పాక్కుంటూ వెళ్ళాం. తల్లి గడప దగ్గర దొరికింది, ఊపిరి ఉంది. సెల్వి కుట్టుమిషను పక్కన పడి ఉంది. ఒంటిమీద ఒక్క కాలిన మచ్చ లేదు. ఊపిరీ లేదు.

నాలుగో రోజు ఆఫీసరు నా ముందు టైపు చేసిన కాగితం పెట్టాడు. ఆదేశం లేకుండా నాయుడు కప్పు తెరిచాడని, గాలి చేరి మంట పెరిగిందని, అందుకే ఆ అమ్మాయి చనిపోయిందని అందులో ఉంది. ఆగమన్న సంగతి లేదు, ఫోను సంగతి లేదు. "లోపలికి వెళ్ళింది నువ్వు కదా, సంతకం చెయ్యి. లేదంటే ఊరు మారడానికి సిద్ధంగా ఉండు," అన్నాడు. నా భార్యకు నెలలు నిండుతున్నాయి. సంతకం పెట్టాను.

నాయుడికి హోదా తగ్గించి, ఎక్కడో దక్షిణాన ఒక ఊరికి పంపేశారు. సామాను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"చదివినావా ఆ కాగితం?"

"చదివినా అన్నా."

"చదివే పెట్టినావా!" చేతిలో సామాను కింద పెట్టాడు. "నాకేం పోయిందిరా, ఆడైనా ఈడైనా నిచ్చెనే కదా ఎక్కేది. నువ్వు ఆ బిడ్డకు అన్యాయం చేసినావు. ఆమెను చంపిందెవురో ఇంక ఎవురికీ తెలీదు."

తర్వాత నేను, జరిగింది జరిగినట్టు రాసి పై అధికారులకు పంపాను. విచారణ ముగిసిందని ఒక ముక్క జవాబు వచ్చింది. ఓనరు కొత్త కప్పు వేయించుకున్నాడు. ఆఫీసరుకు ప్రమోషను వచ్చింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

నాయుడు రిటైరై చూలైకి తిరిగొచ్చాక వాళ్ళింటికి వెళ్ళాను. మన్నించమన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "మన్నించేది లేదు. కాఫీ తాగి పో," అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టాక అడిగాడు: "ఇప్పుడు నువ్వే లీడింగ్ ఫైర్‌మన్ అంట కదా. ఓనరు అడ్డం వస్తే ఏం చేస్తావు?"

"ఎక్కుతా అన్నా."

"చూస్తాం," అన్నాడు.

ఆ తర్వాత చాలా కప్పులెక్కాను. రెండుసార్లు వద్దంటున్నా ఎక్కి మెమోలు తీసుకున్నాను. నాయుడు ఆ సంగతి విన్నాడో లేదో తెలియదు. చివరిదాకా నన్ను మన్నించనూ లేదు. మొదట్లో అందుకు బాధపడ్డాను, ఇప్పుడు పడను. ఆయన మన్నించి ఉంటే, ఈపాటికి నేను సెల్వి పేరు కూడా మరిచిపోయి ఉండేవాణ్ణి.