దుప్పటి కప్పిన సైకిలు

మా బావ పోయాడు. పొద్దున్నే వరండాలో కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. "బావ పలకట్లేదురా, తొందరగా రా" అని అక్క ఫోను చేసింది. నేను మెట్టకూరు నించి వెళ్ళేసరికి యానాంలో వాళ్ళ వీధి వీధంతా ఆ వరండాలోనే ఉంది. గ్లాసులో సగం కాఫీ అలాగే ఉంది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. రాస్తాను కూడా. కానీ ఆయన మీద నాకు పీకలదాకా కోపం ఉందన్న సంగతి మీకు ముందే చెప్పేస్తే మంచిది.

అక్క పెళ్ళినాటికి నేను నిక్కర్లవాణ్ణి. నాకు సైకిలు నేర్పింది బావే. తరవాత ఆయన సర్కారు ఉద్యోగంలో, నేను వలలూ తాళ్ళూ అమ్మే నా కొట్టులో పడిపోయినా, ఆదివారం పొద్దున మాత్రం ఇద్దరికీ సైకిలే. ఎదుర్లంక వంతెన దాటి మురమళ్ళ దాకా వెళ్ళి, పెసరట్టు తిని రావడం. వంతెన ఎక్కగానే గాలి మొహం మీద కొట్టేది. "నా వెనకాల దూరరా" అని బావ ముందుకి వచ్చేవాడు. ఆ గాలంతా ఆయన తినేవాడు, నేను వెనక హాయిగా కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాణ్ణి. నైలాను ధర, రొయ్య ధర, మా వీధి కుళాయి తగువు, ఏదైనా సరే. ఆయన "ఊఁ" అనేవాడు. నేను మాట్లాడతాను, నిజమే. అయితే ఏమంట?

బావకి సైకిళ్ళ మీద ఎంత పిచ్చి అంటే, కాకినాడ, అమలాపురం నించి కూడా ఖరీదైన పాత బళ్ళు కొనేవాళ్ళు ముందు ఆయనకి చూపించుకునేవాళ్ళు. నేను బండి పట్టుకునేవాణ్ణి, ఆయన చూసేవాడు. ముందు రంగు వైపు చూడనే చూడడు. చైను లాగి చూస్తాడు, పళ్ళు తడుముతాడు, టైరు మీద బొటనవేలు రాస్తాడు. "మెరిసేది చూడకురా, అరిగేది చూడు" అనేవాడు. చివరికి ఎక్కి వీధి చివరిదాకా తొక్కేవాడు. "మంచి బండి కిక్కురుమనదు. కిర్రుమందంటే ఎక్కడో అబద్ధం ఉన్నట్టే." బళ్ళ గురించి నాకు వచ్చిందంతా ఆయన పెట్టిన భిక్షే. అది కాదనను.

రిటైరయ్యాక తనకోసం ఒక టైటానియం రోడ్డు సైకిలు తెప్పించుకున్నాడు. కొట్టు మూసేసి వెళ్ళి ఆ పెట్టె విప్పడంలో, బిగించడంలో రోజంతా సాయం చేశాను. రంగు లేదు, తోమిన స్టీలు గిన్నెలా ఉంది. అతుకులు చేప పొలుసులు వరసగా పేర్చినట్టు ఉన్నాయి. ఒంటిచేత్తో ఎత్తితే లేచి వచ్చేసింది. "మన ఉప్పుగాలికి ఇనుము ఏడాదిలో ముసలిదైపోద్దిరా. దీనికి తుప్పన్నదే లేదు. మనం పోయినా ఇది ఇలాగే ఉంటది" అన్నాడు బావ, చంటిపిల్లని నిమిరినట్టు నిమురుతూ.

నిండా రెండు నెలలు కాలేదు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆ బండి హాలు గోడకి వేలాడుతోంది. పైన పాత దుప్పటి కప్పి ఉంది. బావ కుర్చీలో కూర్చుని మోకాలు పట్టుకున్నాడు. "అయిపోయిందిరా. సైకిలు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తరవాత నేను ఒక్కణ్ణే వంతెన దాటితే ఏదో తప్పు చేసినట్టు ఉండేది. నేను తొక్కొచ్చిన చెమటతో ఆయన ముందు ఎలా కూర్చోను? నా సైకిలు దరియాలతిప్పలో తెలిసినాయనకి ఇచ్చేశాను. ఆదివారాలు బస్సెక్కి మురమళ్ళ వెళ్ళి, పెసరట్టు పొట్లం కట్టించుకుని బావ దగ్గరికి పోయేవాణ్ణి. సైకిలు మాట ఎత్తేవాణ్ణి కాదు. నెలనెలా మోకాళ్ళకి మూలికల నూనె పట్టుకెళ్ళేవాణ్ణి. నాకు పొట్ట వచ్చింది, ఆ వెనకే సుగరూ వచ్చింది. పోనీలే, బావకి తోడుగా కూర్చున్నానని సరిపెట్టుకున్నాను. ఇలా మూడేళ్ళు గడిచాయి.

పెద్దకర్మ అయిన మర్నాడు అక్క అంది, "కాకినాడ డాక్టరుగారొకాయన ఆ సైకిలు అడుగుతున్నార్రా. ఎలాగుందో నువ్వే చూసి చెప్పాలి."

దుప్పటి తీశాను. ఫ్రేము పెట్టెలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. బావ చెప్పినట్టే దాన్ని వదిలేసి అరిగేవి చూశాను. చైను లాగితే పళ్ళ మీంచి లేచి వచ్చింది. వెనక చక్రం పళ్ళు రంపంలా మొనదేలాయి. టైరు నడుమ అరిగి బల్లపరుపుగా ఉంది. హ్యాండిలు పట్టీ అరచేయి ఆనేచోట నున్నగా మెరుస్తోంది. గేరు మార్చే చిన్న చక్రాల మధ్య వరిపొట్టు ఇరుక్కుని ఉంది. గోడకి వేలాడే సైకిలుకి వరిపొట్టు ఎక్కణ్ణించి వస్తుంది? రోడ్డు మీద ధాన్యం ఆరబోసింది ఈమధ్యనే కదా.

"అక్కా, ఇది మొన్నటిదాకా తిరిగిన బండే!"

అక్క దుప్పటి మడతపెడుతోంది. మడతపెట్టిందే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

"నీకు చెప్పొద్దన్నార్రా."

"మోకాళ్ళు?"

"ఆయన మోకాళ్ళకేం, రాయిలాగుండేవి. నువ్వు కొట్టు తెరిచే వేళకి బయల్దేరిపోయేవారు. అటు తాళ్ళరేవు మీదుగా చాలా దూరం పోయొచ్చేవారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వూ వస్తానంటావు. నువ్వొస్తే నీకోసం ఆగాలి, నువ్వు చెప్పేదంతా వినాలి. ఉద్యోగమంతా జనం మాట వింటానే గడిచిపోయింది, ఇప్పుడైనా కాస్త ఊరుకుని తొక్కుకుంటాను అనేవారు. నువ్వు బాధపడతావని మోకాళ్ళన్నారు."

"మరి నేను తెచ్చిన నూనె?"

"నాకే రాసుకున్నాన్రా. బాగా పనిచేసింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంట్లో వేలాడే బండీ అబద్ధమే, ఆ దుప్పటీ అబద్ధమే. నా తోడబుట్టిందే దాన్ని కప్పేది. వద్దంటే మానుకునేవాణ్ణి కదా! 'ఒరేయ్, నువ్వు వాగుతావు, రాకు' అని ఒక్క ముక్క అంటే ఓ వారం అలిగేవాణ్ణి, తరవాత నా దారిన నేను తొక్కుకునేవాణ్ణి. అడిగి తెలుసుకుందామన్నా మనిషి లేడు. చచ్చిపోయినవాడి మీద కోపం అంత దిక్కుమాలిన కోపం ఇంకోటి లేదు.

తొక్కి చూడకుండా బండి సంగతి చెప్పకూడదన్నదీ ఆయన పద్ధతే. ఆదివారం పొద్దున ఎక్కాను. సీటు నాకు ఎత్తు. అయినా దించలేదు. వంతెన ఎక్కగానే గాలి మొహం మీద కొట్టింది. ముందు వీపు లేదు. తల వంచుకుని తొక్కుతుంటే ఊపిరి అందలేదు. ఇన్నేళ్ళూ ఆయన తిన్నది ఇదన్నమాట. ఆ సంగతీ ఏనాడూ చెప్పలేదు మహానుభావుడు.

వంతెన మధ్యలో నోరు తెరిచాను. ముందు తిట్టాను. దొంగమోకాళ్ళ మనిషీ అన్నాను. తిట్లు అయిపోయాక ఆయన పోయినప్పటినించీ జరిగినవన్నీ చెప్పాను. కర్మకి ఎవరొచ్చారో, ఎవరు మొహం చాటేశారో, నైలాను ధర ఎంత పెరిగిందో. మురమళ్ళ దాకా చెబుతూనే ఉన్నాను. ఇప్పుడెక్కడికి తప్పించుకుంటాడు?

కాకినాడ డాక్టరుగారు ఫోను చేస్తున్నారు. చైనూ పళ్ళూ మార్చాలండీ, మిగతాది ఇంకా చూస్తున్నానని చెబుతున్నాను. ఆదివారం ఆదివారం వంతెన మీద చూస్తున్నాను. నేను ఎంత తిట్టినా, ఎంతసేపు వాగినా, బండి కిక్కురుమనడం లేదు.