మూడు దెబ్బలు

అదేనండీ, నిన్న మీరు నవ్వారు చూడండి, ఈ ఇంట్లో తలుపు కొట్టకూడదు, పేరు పెట్టి పిలవాలి అని నేనంటే. ముప్ఫై ఎనిమిదేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన దాన్ని, పాఠం సగంలో ఆపి గంట కొట్టించడం నాకు చేత కాదు. మిగతాది కూడా వినండి.

తలుపు కొట్టొద్దన్నది మా తాత. నాన్నకి నాన్న. తెలియక ఎవరైనా టక్ టక్ మని కొడితే చేతిలో గ్లాసు వదిలేసేవాడు. వీధిలో వాళ్లు సరదాకి "గాజు తాత" అని పేరు పెట్టారు. మా నాయనమ్మ గ్లాసు ముక్కలు ఏరుకుంటూ, కొండలు పిండి చేసినాయన తలుపు చప్పుడికి ఝడుసుకుంటాడేమిటమ్మా అని సాగదీసేది.

నిజంగానే కొండ పిండి చేశాడు. రైలు కొత్తగా వస్తున్న రోజులవి, పట్టాలకి సొరంగం కావాలి. కొండకి అటు నుంచి ఒక జట్టు, ఇటు నుంచి ఒక జట్టు తవ్వుకుంటూ పోయి మధ్యలో కలవాలి. ఒకడు పొడుగు ఉలి పట్టుకుని తిప్పుతుంటే ఇద్దరు సమ్మెటలతో కొట్టడం, ఆ బెజ్జంలో మందు కూరి వత్తి అంటించడం, పొగ పోయాక రాళ్లెత్తడం. రోజంతా చేస్తే కొండ జానెడు జరిగేది. తాత ఇటు జట్టులో ఉలి పట్టేవాడు. అటు జట్టులో సమ్మెట కొట్టేవాడు ఆయన బావమరిది, మా నాయనమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆ పని ఇప్పించింది తాతే. ఇద్దరికీ ఒక పందెం. చిల్లు పడ్డ రోజున ముందు ఎవరి చెయ్యి అవతలికి వస్తే వాడికి రెండోవాడు చుట్ట ముట్టించి ఇవ్వాలి. నువ్వు నాకివ్వాల్సిన చుట్ట కూడా నేనే కొని ఉంచుతాలే బావా, నీ చేతికి అంత పొడుగెక్కడిది అని బావమరిది ఎకసెక్కం.

రెండు జట్లూ దగ్గర పడ్డాక మేస్త్రీలు ఒక కట్టుబాటు పెట్టారు. వత్తి అంటించే ముందు రాతి మీద సమ్మెటతో మూడు దెబ్బలు కొట్టాలి. విన్నవాళ్లు జవాబు కొట్టక్కర్లేదు, ఉన్న పళంగా బయటికి పరిగెత్తాలి. జవాబు కొడుతూ ఉండిపోయి ఒకడు పోయాడు అంతకు ముందు.

చివరికి మూడు మూరల రాయి మిగిలింది. ఆఖరి పేలుడు అటువాళ్లది అని అనుకున్నారు. పొద్దున్నే తాత జట్టు లోపలికి వెళ్లి ఇంకా సమ్మెట ఎత్తలేదు, ఠంగ్ ఠంగ్ ఠంగ్ మని మూడు. అందరూ బయటికి పరుగు. కూర్చున్నారు. పేలలేదు. వత్తి తడిసిందేమోలే అన్నారు. చాలాసేపు చూసి మళ్లీ లోపలికి వెళితే మళ్లీ మూడు. మళ్లీ పరుగు. మూడోసారీ అంతే. ఎండలో కూర్చుని అటువాళ్ల మీద జోకులేసుకున్నారట, అత్తారింట్లో పొయ్యి కూడా వీళ్లు అంటించలేరని. నా చిన్నప్పుడు ఇదంతా నాకు చెప్పిన రోజున, మా తాత ఆ జోకు దాకా వచ్చి నాకేసి చూడలేక గోడకేసి చూశాడు.

మధ్యాహ్నం దాటాక కొండెక్కి దిగి ఒకడు రొప్పుతూ వచ్చాడు. వానకి నాని అటు పైకప్పు తెల్లారుజామునే కూలిందట. ఐదుగురు ముందు రాయికీ వెనక మట్టికీ మధ్య ఇరుక్కున్నారు. అటు నుంచి తవ్వితే నాలుగు రోజులు. లోపల గాలి అన్నాళ్లు రాదు.

అప్పుడు తెలిసింది ఆ దెబ్బలేమిటో. పాపం, కొట్టేవాడికి చేతికి అలవాటైన లెక్క అదొక్కటే. విన్నవాళ్ల కాళ్లకి అలవాటైంది పరుగొక్కటే.

మందు పెడితే వాళ్లే పోతారు. ఉలులతో మొదలెట్టారు. పొరలు పొరలుగా ఊడే రాయి కాబట్టి సరిపోయింది. తాత ఉలి ఎవరికీ ఇవ్వలేదు. సమ్మెట జారి బొటనవేలు చితికినా గుడ్డ చుట్టుకుని పట్టుకున్నాడు. అవతలి నుంచి దెబ్బలు వస్తూనే ఉన్నాయి. మూడు, కాసేపు ఆగి మూడు. తర్వాత రెండు. తర్వాత ఒకటి. తర్వాత చెవి ఆన్చినా ఏమీ లేదు.

మర్నాడు పొద్దెక్కాక చెయ్యి పట్టేంత చిల్లు పడింది. తాత భుజం దాకా చెయ్యి దూర్చాడు. అవతల ఒక చెయ్యి పట్టుకుంది.

"పందెం నువ్వే గెలిచావు బావా," అన్నాడు. నడుము మీద రాయి పడి ఉందట, గొంతు పీలగా ఉందట. "నిన్న పొద్దుటి నుంచి కొడుతూనే ఉన్నాను. వినపడలేదా?"

తాత నోటికి ఏదొస్తే అది అన్నాడు. "వినపడలేదురా."

"గట్టిగానే కొట్టానే," అన్నాడు బావమరిది. మనిషి పట్టేంత చిల్లు చేసేలోపు ఆ చెయ్యి చల్లబడింది. మిగతా నలుగురూ బతికి బయటపడ్డారు. వాళ్లే ఊరంతా చెప్పారు, పాపం వాడి దెబ్బ అవతలికి వినపడలేదట అని. తాత జట్టులో ఒక్కడూ కాదనలేదు. మా నాయనమ్మ కూడా ఆ మాటే నమ్మి పోయింది. తాత ఆవిడకి నిజం చెప్పలేకపోయాడు. పదేళ్ల పిల్లని కదా, అర్థం కాదనుకుని నాకు చెప్పాడు. నాకు అర్థమైంది. నేనూ నోరు మూసుకున్నాను, ఇన్నేళ్లు. వాగుడుకాయనని పేరు మోసిన దాన్ని.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఆ బావమరిది మనవరాలు నాకు వదిన అవుతుంది. మొన్న వచ్చింది. సీసా మూత రాకపోతే నా చేతిలో పెట్టి, మా వంశంలో చేతిలో సత్తువ లేదమ్మాయ్, మా తాత ప్రాణం మీదికొచ్చి కొట్టినా మూడు మూరల అవతలికి వినపడలేదు అని నవ్వింది. నేనూ నవ్వాను. మూత తీసిచ్చాను. ఆ రాత్రి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

వదిన ఈ వేళకి భోంచేసి ఖాళీగా ఉంటుంది. మీరు వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్లండి, నేను ఫోన్ చేసుకోవాలి. క్షేమ సమాచారాలు కూడా అడగను. వదినా, మీ తాత కొట్టిన ప్రతి దెబ్బా మావాళ్లకి వినపడింది, అని చెప్పేస్తాను.